అనంతపురం కరవు సీమలో అంబులెన్సు వైద్యం

రోగి ఆసుపత్రి గడప తొక్కకముందే, పడిపోయిన చోటా, ప్రయాణంలోనూ అందే చికిత్స అంబులెన్సు వైద్యం. ఆంధ్రప్రదేశ్‌లో ఈ పని ప్రధానంగా 108 వాహనాల్లోని ఈఎంటీలది (ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్లది). వాహనం నడిపే వ్యక్తిని పైలట్ అంటారు. రోగానికి పేరు పెట్టడం ఈఎంటీ మొదటి పని కాదు. ప్రాణం ఏ దారిన పోతోందో, ఊపిరి అందకా, రక్తం పోయా, మెదడు మొద్దుబారా అన్నది పోల్చుకుని ఆ దారికి అడ్డం పడటం మొదటి పని. అనంతపురం లాంటి చోట దీనికి మరో నిర్ణయం తోడవుతుంది. ఈ రోగికి ఇక్కడే ఆగి చికిత్స చేయాలా, వెంటనే బండెక్కించి పరుగెత్తాలా? ఆసుపత్రి పది నిమిషాల దూరంలో ఉండే నగరంలో ఈ ప్రశ్నకు అంత బరువు ఉండదు. గంటకు పైగా ప్రయాణం ఉన్న తండాలో ప్రాణం నిలబడేదీ, పోయేదీ చాలాసార్లు ఈ నిర్ణయం మీదే.

నేల, దూరాలు

పశ్చిమ కనుమల వర్షచ్ఛాయలో ఉన్న ఈ పీఠభూమిలో ఏడాదికి కురిసే వాన సగటున 550 మిల్లీమీటర్లు. నైరుతి రుతుపవనాలు కనుమల దగ్గరే బరువు దించుకుంటాయి, ఈశాన్య రుతుపవనాలు తీరం దాటి ఇంత లోపలికి అంతంతమాత్రంగానే వస్తాయి. పాత అనంతపురం జిల్లా వైశాల్యం 19,130 చదరపు కిలోమీటర్లు. 2022 ఏప్రిల్ 4న దాన్ని అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాలుగా విడదీశారు. పరిపాలన దగ్గరైంది కానీ రోడ్ల పొడవు తగ్గలేదు. హిందూపురం నుంచి అనంతపురం సుమారు 110 కిలోమీటర్లు, బెంగళూరుకూ దాదాపు అంతే. రాయదుర్గం వాళ్లకు అనంతపురం కంటే కర్ణాటకలోని బళ్లారి సగం దూరంలో ఉంటుంది.

ఇక్కడి అత్యవసరాల తీరును కూడా ఈ నేలే నిర్ణయిస్తుంది. వేరుశనగ చేలలో, కళ్లాల్లో ఎలుకలు, వాటి వెంట పాములు. రాళ్ల గుట్టల్లో తేళ్లు. వేసవి నెలల్లో ఉపాధి పని చేసే కూలీలకు వడదెబ్బ. పంట పోయిన ఇంట్లో చేతికందే పురుగుమందు డబ్బా. బోరుబావుల మోటార్ల దగ్గర కరెంటు షాకు. గుత్తి నుంచి పెనుకొండ మీదుగా సాగే 44వ జాతీయ రహదారి మీద ప్రమాదాలు.

108 వచ్చిన తీరు

అంబులెన్సును రోగిని మోసే బండిగా కాక, రోగి దగ్గరికి వచ్చే వైద్యంగా చూడటం ప్రపంచంలోనే పాత సంగతి కాదు. 1966లో బెల్‌ఫాస్ట్‌లో ఫ్రాంక్ పాంట్రిడ్జ్ అనే గుండె వైద్యుడు, గుండెకు కరెంటు షాకు ఇచ్చే డీఫిబ్రిలేటర్‌ను వాహనంలోకి ఎక్కించి గుండెపోటు రోగుల ఇళ్లకు పంపారు. మరుసటి ఏడాది అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో ఫ్రీడమ్ హౌస్ సంస్థ నల్లజాతి యువకులకు లోతైన శిక్షణ ఇచ్చి అంబులెన్సులు నడిపించడం మొదలుపెట్టింది. మన దగ్గర ఆ మలుపు 2005 ఆగస్టు 15న వచ్చింది. ఆ రోజు వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వ కాలంలో ఈఎంఆర్ఐ సంస్థ హైదరాబాద్‌లో 108 సేవ ప్రారంభించింది. సత్యం కంప్యూటర్స్ అధినేత రామలింగరాజు స్థాపించిన ఆ సంస్థ తర్వాత జీవీకే గ్రూపు చేతికి వెళ్లింది. శిక్షణకు స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ వైద్యులు సాయపడ్డారు. తెలుగు నేల మీద పుట్టిన ఈ మూడంకెల సేవ అనేక ఇతర రాష్ట్రాలకూ పాకింది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 జులై 1న 108 అంబులెన్సు సేవకూ, 104 సంచార వైద్య సేవకూ కలిపి 1,088 వాహనాలను రోడ్డెక్కించి మండలానికొక అంబులెన్సు అనే లెక్కకు తెచ్చారు. నిర్వహణ సంస్థలు మారుతూ వచ్చినా ఊళ్లో దాని పేరు మాత్రం ‘నూటెనిమిది’ గానే నిలిచింది.

ఈఎంటీ ఒంటరిగా నిర్ణయాలు తీసుకోడు. కాల్ సెంటర్‌లో ఉండే వైద్యుడు ఫోన్‌లో దొరుకుతాడు. ఏ మందు ఎంత ఇవ్వాలో ఆయన చెబితే, ఇచ్చిన మందూ సమయమూ రోగి పత్రంలో నమోదవుతాయి. అయితే ఆ వైద్యుడికి రోగి కనబడడు. ఈఎంటీ చూసి చెప్పిందే ఆయన చూసేది. అందుకే ఈ వృత్తిలో అన్ని నైపుణ్యాల కంటే ముందుండేది సరిగ్గా చూడటం.

మొదటి నిమిషం

ముందు చూడాల్సింది రోగిని కాదు, చోటును. కరెంటు తీగ, పాము, ఎదురొచ్చే లారీ, గాల్లో పురుగుమందు వాసన ఇవేవీ లేవని తేల్చుకున్నాకే అడుగు ముందుకు వేయాలి. ఆ తర్వాత పిలిస్తే పలుకుతున్నాడా, ఊపిరి ఎలా ఉంది, నాడి ఎలా ఉంది, రక్తం ఎక్కడి నుంచైనా కారుతోందా అని వరుసగా చూస్తారు. ఊళ్లో జనం ‘ఎగశ్వాస పడుతోంది’ అన్నారంటే చాలాసార్లు గుండె అప్పటికే ఆగిపోయి, చివరి ఊపిర్లు పోతున్నాయని అర్థం. దాన్ని ఊపిరి ఉన్నట్టు లెక్కగట్టకూడదు. వెంటనే ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, పెద్దవాళ్లలో 5 సెంటీమీటర్లకు తగ్గకుండా లోతుగా నొక్కాలి. గుండె ఆగాక ఏమీ చేయకుండా గడిచే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం దాదాపు పదో వంతు తరిగిపోతుంది కాబట్టి, బండి చేరేలోపు ఇంట్లోవాళ్ల చేత ఫోన్‌లోనే ఆ పని చేయించగలగడం పల్లెల్లో అంబులెన్సు వేగం కంటే ముఖ్యం.

స్పృహ తప్పిన ప్రతి మనిషికీ వేలికొస గుచ్చి చక్కెర చూడాలి. మూర్ఛ, పక్షవాతం, తాగిన మత్తు అనుకున్నవాటిలో కొన్ని చక్కెర పడిపోవడం వల్ల వచ్చినవే. సిరలోకి గ్లూకోజు ఎక్కిస్తే కొద్ది నిమిషాల్లో మనిషి లేచి కూర్చుంటాడు. చక్కెర మాత్రలు వేసుకుని అన్నం మానేసిన ముసలివాళ్లలో ఇది తరచూ జరుగుతుంది.

పాముకాటు

2020లో వెలువడిన అధ్యయనం ప్రకారం 2000 నుంచి 2019 వరకు దేశంలో సుమారు 12 లక్షల మంది, అంటే ఏడాదికి సగటున 58 వేల మంది పాముకాటుతో చనిపోయారు. ఆ భారం ఎక్కువగా మోస్తున్న ఎనిమిది రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో పాముకాటును నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చింది. రాత్రివేళ కరెంటు వస్తే మోటారు వేయడానికి చీకట్లో చేనికి పోయే రైతు ఈ జాబితాల గురించి వినకపోయినా, ఆ ప్రమాదంతో రోజూ పక్కపక్కనే నడుస్తున్నాడు.

ఎక్కువ ప్రాణాలు తీసేవి నాలుగు: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర. చివరిది ఎండు నేలనూ రాళ్ల గుట్టనూ ఇష్టపడేది. పొలుసులు ఒకదానికొకటి రాసుకుని రంపం కోసినట్టు చప్పుడు చేస్తుంది. పింజర్ల విషం రక్తం గడ్డకట్టే గుణాన్ని చెడగొడుతుంది. కాటు దగ్గర వాపు పైకి పాకుతుంది, చిగుళ్ల నుంచి రక్తం వస్తుంది, సూది గుచ్చిన చోట నెత్తురు ఆగదు. రక్తపింజర కాటులో మూత్రం తగ్గిపోయి కిడ్నీలు దెబ్బతింటాయి. నాగు, కట్లపాముల విషం నరాల మీద పనిచేస్తుంది.

వీటిలో మనిషిని బాగా ఏమార్చేది కట్లపాము. అది రాత్రిపూట, నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది. కోరలు చిన్నవి, గాటు కనబడకపోవచ్చు, నొప్పి కూడా ఉండకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పి, వాంతి, మాట ముద్దగా రావడం చూసి ఇంట్లోవాళ్లు తిన్నది పడలేదనుకుంటారు. ఇలాంటి చోట ఈఎంటీ రోగి ముఖం మీద టార్చి వేసి కనురెప్పలు చూడాలి. పైకి చూడమంటే కనుబొమలు ముడిపడి నుదురు కదులుతుంది కానీ రెప్పలు లేవవు. ఒక్క ఊపిరిలో అంకెలు లెక్కపెట్టమంటే ఇరవై దాకా పోవాల్సిన మనిషి ఎనిమిది దగ్గర ఆగిపోతాడు. కాసేపయ్యాక మళ్లీ అడిగితే అయిదు దగ్గర ఆగుతాడు. తల దిండు మీంచి లేపలేడు. ఇవి కనబడ్డాయంటే ఊపిరి కండరాల వంతు రాబోతోంది. అప్పుడు బ్యాగును చేత్తో నొక్కుతూ, మాస్కు గుండా గాలి పంపుతూ ఆసుపత్రి దాకా తీసుకుపోవాలి. చెయ్యి నొప్పి పుట్టినా ఆపకూడదు. రోగి శవంలా కనబడుతున్నా అతనికి అన్నీ వినబడుతుండవచ్చు కాబట్టి పక్కన మాట్లాడే మాటలు జాగ్రత్తగా ఉండాలి. విరుగుడు పడి, ఊపిరి యంత్రం మీద కొన్ని రోజులు గడిస్తే ఇలాంటివాళ్లు లేచి నడుచుకుంటూ ఇంటికి పోతారు.

కాటును కోయడం, నోటితో పీల్చడం, పసరు పూయడం, తాడుతో బిగించి కట్టడం హాని చేస్తాయి. అవయవాన్ని కదలకుండా కట్టెతో దన్ను పెట్టి, మనిషిని నడిపించకుండా మోసుకురావాలి. అప్పటికే గట్టి కట్టు కట్టి ఉంటే దాన్ని ఉన్నపళంగా విప్పకూడదు. కట్టు కింద ఆగిన విషం ఒక్కసారి ఒంట్లోకి పోవచ్చు కాబట్టి ముందు సిరలో సూది పెట్టి, వైద్యుడిని అడిగి, ఊపిరి అందించడానికి సిద్ధమయ్యాకే విప్పాలి. పామును చంపి తెమ్మనడం కూడా తప్పే, రెండో మనిషిని కరుస్తుంది. నాలుగు పాముల విషానికీ ఒకే విరుగుడు మందు వాడతారు. అందుకు కావాల్సిన విషాన్ని చాలాకాలంగా తమిళనాడులోని ఇరుల గిరిజనుల సహకార సంఘం సరఫరా చేస్తోంది. దేశంలో 2030 నాటికి పాముకాటు మరణాలను సగానికి తగ్గించాలని కేంద్రం 2024లో కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది.

విరుగుడు అంబులెన్సులో కాదు, ఆసుపత్రిలోనే ఇస్తారు. అది కొందరికి ప్రమాదకరమైన అలర్జీ తెస్తుంది. కాబట్టి పాముకాటు ప్రధానంగా పరుగెత్తాల్సిన అత్యవసరం. అయితే పరుగు ఎటు? విరుగుడు ఉన్న దగ్గరి సామాజిక ఆరోగ్య కేంద్రానికి. అక్కడ మొదటి సీసాలు ఎక్కించాకే పెద్దాసుపత్రికి. విరుగుడు దొరికే చోటును దాటుకుని, పేరున్న ఆసుపత్రి కోసం ఎనభై కిలోమీటర్లు పోవడం కంటే పెద్ద పొరపాటు ఇందులో లేదు.

పురుగుమందు తాగిన మనిషి

ముందు పరుగెత్తాలన్న తీర్పు ఇక్కడ పూర్తిగా తిరగబడుతుంది. ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందు ఒంట్లోకి పోయిన మనిషికి నోట్లోంచి సొంగ కారుతుంది, కళ్లు నీరు పెడతాయి, ఒళ్లంతా చెమట, వాంతులు, విరేచనాలు. కంటిపాప గుండుసూది మొనంత అవుతుంది. నాడి నెమ్మదిస్తుంది. ప్రాణం తీసేది మాత్రం ఊపిరితిత్తుల్లో ఊరే నీరు. తన తేమలోనే తాను మునిగిపోతాడు. ముందు ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి నోరు శుభ్రం చేయాలి, నోట్లోని ద్రవాన్ని లాగే సక్షన్ పెట్టాలి, ప్రాణవాయువు ఇవ్వాలి. తడిసిన బట్టలు తీసేసి ఒళ్లు కడగాలి. ఈ పని చేసేవాళ్ల చేతులకు గ్లవ్స్ తప్పనిసరి. ఉప్పునీళ్లు, సబ్బునీళ్లు తాగించి వాంతి చేయించే ఊరి పద్ధతి ఊపిరితిత్తుల్లోకి పురుగుమందును పంపుతుంది.

తర్వాత అట్రోపిన్. మన దగ్గర దొరికే ఆంపూల్‌లో ఉండేది 0.6 మిల్లీగ్రాములు. పెద్దవాళ్లకు తొలి మోతాదే 1.8 నుంచి 3 మిల్లీగ్రాములు, అంటే మూడు నుంచి అయిదు ఆంపూళ్లు. అయిదు నిమిషాలకు ఫలితం లేకపోతే వైద్యుడి ఆదేశంతో మోతాదు రెట్టింపు. చూడాల్సింది కంటిపాప పెద్దదైందా అని కాదు. స్టెతస్కోపు పెడితే ఛాతీలో గరగర పోయిందా, నాడి 80 దాటిందా అని చూడాలి. ఒక్క ఆంపూల్ ఇచ్చి ఇచ్చామనిపించుకుని బండి తోలడం వల్ల రోగికి మేలు జరగదు. ఊపిరి దారి శుభ్రం చేసి అట్రోపిన్ మొదలుపెట్టేందుకు అక్కడ గడిపే నిమిషాలు వృథా కావు.

అయితే డబ్బాలన్నీ ఒకటి కావు. పారాక్వాట్ అనే గడ్డిమందు తాగినవాళ్లకు మొదట్లో నోరు మండటం తప్ప పెద్ద బాధ ఉండకపోవచ్చు. ఆ తర్వాత రోజుల్లో ఊపిరితిత్తులు గట్టిపడిపోతాయి. దీనిలో ప్రాణవాయువే విషానికి తోడవుతుంది. రక్తంలో ప్రాణవాయువు బాగా పడిపోతే తప్ప మాస్కు పెట్టరు. జుట్టుకు వేసే నల్లరంగు తాగిన కేసులు రాయలసీమ ఆసుపత్రులకు బాగా పరిచితం. అందులో ముఖం, మెడ, నాలుక వాచి ఊపిరి దారి మూసుకుపోతుంది. ఇది పరుగెత్తాల్సిన కేసు, గొంతుకు రంధ్రం చేసి గొట్టం వేయగల చోటికి ముందే ఫోన్ చేసి మరీ వెళ్లాలి. అందుకే డబ్బానూ, దాని మీది కాగితాన్నీ రోగితో పాటు తేవాలి.

ఆ ఇంట్లో ఈఎంటీ మాట్లాడే తీరు కూడా చికిత్సే. ఎందుకు తాగావని నిలదీసే చోటు కాదది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 115వ సెక్షన్, ప్రాణం తీసుకోబోయిన మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాడిగానే చూడాలనీ, శిక్షించరాదనీ చెబుతోంది. కేసవుతుందన్న భయంతో కుటుంబం గంటలు దాచిపెడితే ఆ ఆలస్యమే ప్రాణం తీస్తుంది. భయం లేదని మొదటి వాక్యంలోనే చెప్పగలిగితే ఏ మందు, ఎప్పుడు, ఎంత అన్నది బయటికి వస్తుంది.

వడదెబ్బ

జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైంది ఈ జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో. పంట పనులు లేని వేసవి నెలల్లోనే ఉపాధి పనికి గిరాకీ ఎక్కువ. ఎండ నలభై డిగ్రీలు దాటేదీ అప్పుడే. నీడలేని గుట్ట పక్కన కందకం తవ్వుతున్న మనిషికి తల తిరిగి, చెమటలు కారి, కాళ్లు పీకితే అది ఎండ అలసట. నీడ, ఉప్పు వేసిన మజ్జిగ, ఓఆర్ఎస్‌తో తేరుకుంటాడు. అదే మనిషి పొంతనలేకుండా మాట్లాడినా, తూలినా, ఫిట్స్ వచ్చినా, ఒంటి వేడి 40 డిగ్రీలు దాటినా అది వడదెబ్బ. చెమట పడుతోంది కాబట్టి వడదెబ్బ కాదనుకోకూడదు. ఒళ్లు వంచి పనిచేసేవాళ్లలో చెమట కారుతుండగానే వడదెబ్బ తగులుతుంది.

ఇది స్పష్టంగా ఆగి చేయాల్సిన అత్యవసరం. ముందు చల్లబరచాలి, తర్వాతే తరలించాలి. బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లు చిలకరిస్తూ విసరాలి. మెడ, చంకలు, గజ్జల్లో ఐసు సంచులు పెట్టాలి. మొదటి అరగంటలోనే వేడిని 39 డిగ్రీల దరిదాపులకు దించగలిగితే మెదడు, కిడ్నీలు నిలుస్తాయి. ఇక్కడి పొడి గాలి ఇందుకు సాయం చేస్తుంది. కోస్తాలో ఉక్కపోతకు ఒంటి మీది నీరు ఆరదు. అనంతపురంలో తడి గుడ్డ చూస్తుండగానే ఆరిపోతుంది, ఆరుతూ ఒంటి వేడిని తీసుకుపోతుంది. పారాసిటమాల్ ఈ వేడిని తగ్గించదు. స్పృహలో లేని మనిషి నోట్లో నీళ్లు పోయడం ప్రమాదం.

తేలు

ఎర్ర తేలు కుట్టిన పెద్దవాళ్లు నొప్పితో అల్లాడినా సాధారణంగా బయటపడతారు. భయపడాల్సింది పిల్లల విషయంలో. వాంతులు, ఒళ్లంతా చెమట, చేతులూ కాళ్లూ చల్లబడటం, గుండె దడ, ఆ తర్వాత ఆయాసంతో గులాబీ రంగు నురగ కనబడితే గుండె, ఊపిరితిత్తులు దెబ్బతిన్నట్టు. మహారాష్ట్రలోని మహాడ్ పట్టణంలో పనిచేసిన డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ 1980లలో ప్రాజోసిన్ మాత్రతో ఈ మరణాలను గణనీయంగా తగ్గించవచ్చని చూపారు. ఆయనకు 2022లో పద్మశ్రీ ఇచ్చారు. బండిలో పిల్లవాణ్ని కూర్చోబెట్టి, ప్రాణవాయువు ఇచ్చి, సెలైన్ గుడ్డిగా ఎక్కించకుండా తీసుకుపోవాలి.

దారిలో కాన్పు

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21 లెక్కల్లో ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో సుమారు 59 శాతం మందికి రక్తహీనత ఉంది. ఒంట్లో నెత్తురే తక్కువగా ఉన్న తల్లికి, మరొకరు తట్టుకునే రక్తస్రావం కూడా ప్రాణం మీదికి వస్తుంది. బిడ్డ తల కనబడుతుంటే బండిని పక్కకు ఆపడమే సరైన నిర్ణయం. కుదుపుల్లో కాన్పు చేయడం ఇద్దరికీ చేటు. బిడ్డ పుట్టగానే పొడి గుడ్డతో తుడిచి తల్లి ఛాతీ మీద పడుకోబెడతారు. ఏడవకపోతే మొదటి నిమిషంలోపే చిన్న బ్యాగు, మాస్కుతో గాలి అందించాలి. తల్లికి కండరంలోకి 10 యూనిట్ల ఆక్సిటోసిన్ ఇస్తారు. ఆ మందు 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి. మే నెలలో ఎండలో నిలబెట్టిన బండిలో పెట్టెలోనే మరిచిపోయిన ఆక్సిటోసిన్ చూడటానికి మామూలుగానే ఉంటుంది కానీ అవసరానికి పనిచేయకపోవచ్చు. ఈ సీమలో డ్యూటీ ఎక్కగానే మందుల చల్లదనం చూసుకోవడం అంటే రాబోయే ఒక తల్లి ప్రాణం చూసుకోవడమే. నెలలు నిండిన గర్భిణికి ఫిట్స్ వస్తే ఎడమ పక్కకు తిప్పి, మెగ్నీషియం సల్ఫేట్ తొలి మోతాదు ఇచ్చాకే ప్రయాణం.

గుండె, మెదడు

ఛాతీ బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చల్లని చెమట ఉంటే గ్యాస్ అని సర్దుకోకుండా ఈసీజీ తీయాలి. చక్కెర వ్యాధి ఉన్నవాళ్లలో, స్త్రీలలో నొప్పి లేకుండా ఆయాసం, నీరసంతోనే గుండెపోటు రావచ్చు. అలర్జీ, రక్తస్రావం లేకపోతే 300 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ నమిలించాలి. మూతి వంకర, చెయ్యి పడిపోవడం, మాట తడబడటం పక్షవాతం గుర్తులు. గడ్డ కరిగించే మందుకు గడువు నాలుగున్నర గంటలు. ఆ లెక్క గుర్తించినప్పటి నుంచి కాదు, మనిషి చివరిసారి బాగున్నట్టు చూసినప్పటి నుంచి. ఈ రెంటిలోనూ మంచం దగ్గర నిమిషాలు పొదుపు చేయాలి. పక్షవాతానికి నాటు మందు తాగించి మర్నాడు చూద్దామనే అలవాటు ఇక్కడింకా పోలేదు.

రోడ్డు, కరెంటు

ప్రమాదంలో బయటికి కారే రక్తాన్ని నొక్కిపట్టి ఆపి, మెడ కదలకుండా చూసి, వెంటనే బయల్దేరాలి. లోపలి రక్తస్రావాన్ని ఆపేది శస్త్రచికిత్స గది ఒక్కటే. క్షతగాత్రులను చేర్చినవాళ్లను పోలీసులూ ఆసుపత్రులూ వేధించకుండా 2019 మోటారు వాహనాల సవరణ చట్టం 134ఎ సెక్షన్ కాపాడుతోంది. దారినపోయే లారీ డ్రైవర్లకు ఈ సంగతి ఇంకా తెలియాలి.

2022 జూన్ 30న తాడిమర్రి మండలం చిల్లకొండయ్యపల్లి దగ్గర వ్యవసాయ కూలీలు వెళ్తున్న ఆటో మీద విద్యుత్ తీగ తెగిపడి అయిదుగురు మహిళలు కాలిపోయి చనిపోయారు. ఇలాంటి చోట సాయానికి ఉరికినవాళ్లే తర్వాతి బాధితులవుతారు. లైన్‌మన్ ఫోన్‌లో సరఫరా ఆపామని చెప్పేదాకా ఈఎంటీ కూడా దూరంగానే ఉండాలి. అలా నిలబడటం ఎంత కష్టమైనా తప్పదు. సరఫరా ఆగాక మాత్రం, కదలకుండా పడి ఉన్నవాళ్లను ముందు చూడాలి. షాకుతో ఆగిన గుండె ఛాతీ నొక్కి, డీఫిబ్రిలేటర్ పెడితే తిరిగి కొట్టుకునే అవకాశం మిగతా కారణాల కంటే మెరుగు.

ఎక్కడికి, ఏం చెప్పి

అనంతపురం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి, 1969లో ఈ జిల్లాకు వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ నెలకొల్పిన ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) సంస్థ బత్తలపల్లిలో నడుపుతున్న ఆసుపత్రి, హిందూపురం, కదిరి, గుంతకల్లు ప్రభుత్వ ఆసుపత్రులు ఈ ప్రయాణాలకు ప్రధాన గమ్యాలు. సరిహద్దు మండలాల్లో కుటుంబాలు బళ్లారికో బెంగళూరుకో పోదామంటాయి. పాముకాటు, పురుగుమందు తాగిన కేసుల్లో మొదటి గంట చికిత్స ఎక్కడ దొరికితే అక్కడికి తీసుకుపోవాలని వాళ్లకు నచ్చజెప్పడం ఈఎంటీ బాధ్యతే.

ఆసుపత్రి చేరాక అప్పగింత ఒక నిమిషంలో అయిపోవాలి. ఏమైంది, ఎన్ని గంటలకైంది, మొదట చూసినప్పుడు నాడి, ఊపిరి, స్పృహ, చక్కెర ఎంత, దారిలో ఎలా మారాయి, ఏ మందు ఎన్ని గంటలకు ఎంత ఇచ్చారు అన్నవి డ్యూటీ డాక్టరుకు నోటితోనూ కాగితం మీదా అందాలి. కట్లపాము కాటులో ఒక్క ఊపిరికి లెక్కపెట్టిన అంకెలు ఎనిమిది నుంచి అయిదుకు పడ్డాయన్న సంగతి, అట్రోపిన్ ఆఖరి మోతాదు వేసిన సమయం, మందు డబ్బా, ఇవి ఈఎంటీ చేతిలోనుంచి వస్తేనే డాక్టరు చికిత్సను మొదటి నుంచి కాక, ఆగిన చోటు నుంచి అందుకుంటాడు.